అమ్మ రిపోర్టులో ‘పీఆర్ నెగటివ్’ అని ఉంది, దానర్థం ఏమిటి?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా దేవరకొండ దగ్గర ఒక పల్లె. మా అమ్మకు 56 ఏళ్లు. పొట్ట ఉబ్బి నీళ్లు చేరితే హైదరాబాద్ తీసుకెళ్లాం. అండాశయ క్యాన్సర్, 3సి దశ అన్నారు. ముందు మూడు కీమోలు ఇచ్చి ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత ఒక కీమో అయింది, ఇంకా రెండు ఉన్నాయి. ఆపరేషన్‌లో తీసిన ముక్క రిపోర్టులో ‘హై గ్రేడ్ సీరస్ కార్సినోమా, డబ్ల్యూటీ1 పాజిటివ్, పీ53 అసాధారణం, ఈఆర్ 80 శాతం పాజిటివ్, పీఆర్ నెగటివ్’ అని రాశారు. మా మేనత్తకు ఆరేళ్ల కింద రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆమెకు ఈఆర్, పీఆర్ రెండూ పాజిటివ్. రోజుకో మాత్ర వేసుకుంటూ బాగానే ఉంది. ఆ రిపోర్టును, ఈ రిపోర్టును పక్కపక్కన పెట్టి చూసి, పీఆర్ నెగటివ్ అయితే జబ్బు మొండిదని, ఎక్కువ కాలం బతకరని ఒకరు అంటున్నారు. ఈఆర్ పాజిటివ్ ఉంది కాబట్టి కీమో మాని అత్త మాత్రలే వేయించమని ఇంకొకరు అంటున్నారు. హార్మోన్లు పెరుగుతాయని గుడ్లు, కోడికూర కూడా మాన్పించారు. అమ్మ బాగా నీరసించి మిగిలిన కీమోలు వద్దంటోంది. ఆపరేషన్‌లో కంటికి కనిపించిందంతా తీసేశామని డాక్టర్లు చెప్పారు. మాకు ఏం చేయాలో తోచడం లేదు.

సమాధానం: అమ్మా, ముందుగా మూడు మాటలు తేల్చి చెబుతాను. మిగిలిన రెండు కీమోలు మీ అంతట మీరు ఆపవద్దు. మేనత్త వేసుకునే మాత్రలు అమ్మకు వేయవద్దు. పీఆర్ నెగటివ్ అన్న ఒక్క మాట మీద అమ్మ ఆయుష్షును ఎవరు లెక్కగట్టినా నమ్మవద్దు. ఈ మూడింటికీ కారణాలు కొంచెం వివరంగానే చెప్పాలి. కారణం తెలియకుండా పట్టుకున్న మాట, ఇంటికి వచ్చిన ప్రతి బంధువూ ఒక సలహా ఇచ్చిపోయే ఈ రోజుల్లో, వారం కూడా నిలవదు.

చాలా ఏళ్లుగా సూక్ష్మదర్శిని ముందు కూర్చుని ఇలాంటి రిపోర్టులు రాస్తున్నవాణ్ణి కాబట్టి, ఆ రెండక్షరాల వెనక ఏముందో మొదట చూపిస్తాను. ఆపరేషన్‌లో తీసిన గడ్డ నుంచి చిన్న ముక్కలు కోసి, ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనంలో పోతపోసి అగ్గిపెట్టె కన్నా చిన్న దిమ్మలుగా చేస్తారు. వాటినే బ్లాకులు అంటాం. ఆ దిమ్మ నుంచి వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని పొరను తీసి గాజు పలక మీద పరుస్తాం. ఈస్ట్రోజన్ అనే హార్మోన్‌ను పట్టుకునే ప్రొటీన్ కణంలో ఉంటే, దానికి మాత్రమే అంటుకునే ఒక పదార్థాన్ని పోసి, అది అంటుకున్నచోట గోధుమరంగు తేలేలా చేస్తాం. ఆ ప్రొటీన్‌నే గ్రాహకం, లేదా రిసెప్టర్ అంటారు. ఈఆర్ అంటే ఈస్ట్రోజన్ రిసెప్టర్, పీఆర్ అంటే ప్రొజెస్టరాన్ రిసెప్టర్. అవి ఉండేది కణం నడిమిన ఉండే కేంద్రకంలో. మీ అమ్మ ఈఆర్ స్లైడును కంటికి పెట్టుకుని చూస్తే, లేత నీలి నేల మీద చింతగింజలు పరిచినట్టుగా, నూటికి 80 కేంద్రకాలు గోధుమరంగులో కనిపించి ఉంటాయి. పీఆర్ స్లైడులో అవే కేంద్రకాలు నీలంగానే ఉండిపోయి ఉంటాయి. పరీక్ష చెప్పేది ఇంతే. ఇక్కడ ‘పాజిటివ్’ అంటే ఆ గ్రాహకం ఉంది అని, ‘నెగటివ్’ అంటే లేదు అని. కరోనా పరీక్ష వచ్చిన తర్వాత పాజిటివ్ అనగానే జబ్బు ఉన్నట్టు, నెగటివ్ అనగానే పోయినట్టు అనుకోవడం మనకు అలవాటైంది. మీ ఇంట్లో మాత్రం రొమ్ము క్యాన్సర్ అనుభవం వల్ల పాజిటివ్ మంచిది, నెగటివ్ చెడ్డది అనే మూడో అర్థం స్థిరపడింది. ఆ అర్థాన్ని అండాశయానికి తెచ్చి అంటగట్టడంతోనే చిక్కు మొదలైంది.

రొమ్ము క్యాన్సర్ విషయంలో మీ మేనత్త అనుభవం అబద్ధం కాదు. 1896లోనే జార్జ్ బీట్సన్ అనే స్కాట్లాండ్ సర్జన్, ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న మహిళలకు అండాశయాలు తీసివేస్తే కొందరిలో గడ్డలు కరుగుతున్నాయని రాశాడు. కొన్ని రొమ్ము క్యాన్సర్లు ఈస్ట్రోజన్ మీద ఆధారపడి పెరుగుతాయి కాబట్టి, ఆ హార్మోన్‌ను అడ్డుకునే టామోక్సిఫెన్ గాని, దాని తయారీని తగ్గించే లెట్రోజోల్ గాని వాటికి అసలైన మందులుగా నిలిచాయి. అక్కడ ఈఆర్ పరీక్ష మందును నిర్ణయిస్తుంది.

అండాశయంలో సంగతి వేరు. మన వైపు చెరువులు తెలిసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. కట్టకు తూము ఉన్నంత మాత్రాన ఆయకట్టు అంతా ఆ నీటితోనే పండుతున్నదని చెప్పలేం. కొన్ని ఊళ్లలో పొలాలన్నీ తూము నీటి మీదే ఆధారపడతాయి, తూము మూస్తే పైరు ఎండుతుంది. మరికొన్ని ఊళ్లలో తూము ఉంటుంది గాని, రైతులంతా ఎప్పుడో బోర్లు వేసుకుని ఉంటారు, మూసినా తెరిచినా పైరుకు పెద్ద తేడా ఉండదు. హార్మోన్ పాజిటివ్ రొమ్ము క్యాన్సర్ మొదటి రకం ఊరు. మీ అమ్మకు ఉన్న హై గ్రేడ్ సీరస్ రకం, అంటే వేగంగా పెరిగే రకం, చాలావరకు రెండో రకం ఊరు. దాన్ని నడిపించేది ముఖ్యంగా పీ53 అనే కాపలా జన్యువు చెడిపోవడం, డీఎన్ఏను బాగుచేసే యంత్రాంగం దెబ్బతినడం. ఈఆర్ అనే తూము దానిలో తరచుగా ఉంటుంది, నూటికి దాదాపు 80 మందిలో కనిపిస్తుంది. కానీ అది ఉండటం వల్ల రోగి ఎక్కువ కాలం బతుకుతుందని గాని, హార్మోన్ మాత్రకు జబ్బు లొంగుతుందని గాని చెప్పలేం.

మరి పీఆర్ సంగతేమిటి? ప్రొజెస్టరాన్ గ్రాహకాన్ని తయారుచేయమని కణానికి చెప్పేవాటిలో ఈస్ట్రోజన్ ముఖ్యమైనది. అంటే ఈఆర్ దారి నిజంగా పనిచేస్తుంటే, దాని ఫలితంగా పీఆర్ పుడుతుంది. తూము ఉందా అని కట్ట మీద నిలబడి చూడటం ఈఆర్ అయితే, ఆయకట్టు చివరి మడి తడిసిందా అని దిగి చూడటం పీఆర్. అందుకే అండాశయ క్యాన్సర్‌లో ఈఆర్ కన్నా పీఆరే కొంత ఎక్కువ సమాచారం ఇస్తుంది. మీకు భయం పుట్టించినవారు ఈ సగం నిజాన్ని ఎక్కడో విని ఉంటారు. మిగతా సగం వినలేదు.

ఆ మిగతా సగం ఇది. చాలా ఏళ్లపాటు ఈ గ్రాహకాల మీద వచ్చిన అధ్యయనాలు ఒకదానికొకటి పొసిగేవి కావు. ఒకటి పీఆర్ మంచి సూచన అంటే, ఇంకొకటి ఏ తేడా లేదనేది. కారణం, తొలినాళ్లలో గడ్డ ముక్కను నూరి అందులో గ్రాహకం ఎంత ఉందో కొలిచేవారు. ఏ కణాలవో తెలిసేది కాదు. పైగా సీరస్, ఎండోమెట్రియాయిడ్, మ్యూసినస్, క్లియర్ సెల్ అని పుట్టుకలోనే వేరైన జబ్బులన్నిటినీ ‘అండాశయ క్యాన్సర్’ అనే ఒకే సంచిలో వేసి లెక్కకట్టేవారు. పాజిటివ్ అనడానికి ఒకరు 1 శాతం గీత పెట్టుకుంటే మరొకరు 10 శాతం పెట్టుకునేవారు. 2013లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో వచ్చిన పెద్ద పరిశోధన ఈ గందరగోళాన్ని చాలావరకు తీర్చింది. అనేక దేశాల్లోని 12 అధ్యయనాల నుంచి 2,933 మంది మహిళల గడ్డలను రకాలవారీగా విడదీసి, ఈఆర్, పీఆర్ పరీక్షలను ఒకే పద్ధతిలో చేసి చూశారు. ఎండోమెట్రియాయిడ్ రకంలో ఈ రెండు గ్రాహకాలూ మంచి సూచనలేనని తేలింది. మీ అమ్మకు ఉన్న హై గ్రేడ్ సీరస్ రకంలో ఈఆర్‌తో బతుకు కాలానికి సంబంధం కనిపించలేదు. పీఆర్ బలంగా ఉన్నవారికి, అంటే సగం లేదా అంతకన్నా ఎక్కువ కేంద్రకాల్లో ఉన్నవారికి మాత్రం, ఆ జబ్బుతో మరణించే ముప్పు మిగతావారికన్నా సుమారు మూడు పదుల శాతం తక్కువగా ఉంది. ఆ ‘మిగతావారి’లో పీఆర్ అసలు లేనివారూ, కొద్దిగా ఉన్నవారూ కలిసే ఉన్నారు.

దీన్ని నిదానంగా చదవండి. ఈ రకం జబ్బు ఉన్న ఆడవాళ్లలో పీఆర్ ఎంతో కొంత కనిపించేది సుమారు మూడింట ఒక వంతు మందిలోనే, బలంగా ఉండేది అంతకన్నా తక్కువ మందిలో. కాబట్టి పీఆర్ నెగటివ్ అనేది మీ అమ్మకు ప్రత్యేకంగా వచ్చిన చెడు కబురు ఏమీ కాదు. ఈ జబ్బు ఉన్న ఎక్కువ మంది ఎక్కడ ఉన్నారో ఆమె కూడా అక్కడే ఉంది. పీఆర్ బలంగా ఉన్న కొద్దిమందికి కొంచెం అదనపు అనుకూలత ఉందని ఆ పరిశోధన చెప్పింది గాని, లేనివారికి ఆశ లేదని ఎక్కడా చెప్పలేదు. ఇంకో మాట. ఇలాంటి లెక్కలు వందల మందిని గుంపులుగా పోల్చి తీసినవి. మండలంలో కురిసిన సగటు వాన ఎన్ని మిల్లీమీటర్లో చూసి, మీ చెలకలో విత్తనం వేయడానికి పదును అయిందో లేదో చెప్పలేం కదా. ఆ సంగతి చెలకలోకి దిగి చూసినవారికే తెలుస్తుంది.

ఆ చెలకలోకి దిగి చూస్తే కనిపించే విషయాన్ని మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. ‘కంటికి కనిపించిందంతా తీసేశామని డాక్టర్లు చెప్పారు.’ అమ్మా, ఆ వాక్యం ఈఆర్, పీఆర్ రెండింటికన్నా బరువైనది. 3సి దశలో జబ్బు పొట్టలోని పొరల మీదికి పాకి ఉంటుంది. అలాంటప్పుడు ఆపరేషన్ తర్వాత కంటికి కనిపించే గడ్డ ఏదీ మిగలకపోవడం ఈ జబ్బులో మన చేతిలో ఉన్న బలమైన అనుకూల సూచనల్లో ఒకటి. డిశ్చార్జ్ కాగితంలో ఆపరేషన్ వివరాల దగ్గర ఆ మాట రాసి ఉందో లేదో చూసుకోండి, లేకపోతే రాసి ఇమ్మని అడగండి. తర్వాత ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా వారు మొదట వెతికేది దానినే. కీమో పూర్తయ్యాక జబ్బు ఎన్నాళ్లు తిరిగి రాకుండా ఉంటుందన్నది మరో ముఖ్యమైన కొలత. ప్లాటినం మందు అయిన కార్బోప్లాటిన్ ఆపిన తర్వాత ఆరు నెలలకు మించి జబ్బు నిలకడగా ఉంటే, మళ్లీ వచ్చినా అదే మందుకు లొంగే అవకాశం ఎక్కువని లెక్కిస్తారు. సగంలో ఆపిన కీమో ఈ కొలతనే దెబ్బతీస్తుంది. అందుకే మొదటి వాక్యాల్లోనే అంత గట్టిగా చెప్పాను.

హార్మోన్ మాత్రలకు అండాశయ క్యాన్సర్‌లో అసలు చోటే లేదని కూడా అనుకోవద్దు. లో గ్రేడ్ సీరస్ అనే వేరే రకం ఉంది. పేరులో ఒక్క మాటే తేడా, నడకలో మాత్రం పూర్తిగా వేరైన జబ్బు. అది నెమ్మదిగా పెరుగుతుంది, కీమోకు అంతగా లొంగదు, ఈఆర్ దాదాపు ఎప్పుడూ ఉంటుంది. 2017లో అమెరికాలోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రి వైద్యులు తమ పాత రికార్డులు తీసి చూస్తే, ఆ రకంలో ఆపరేషన్, కీమో తర్వాత హార్మోన్ మాత్రలు వాడినవారిలో జబ్బు సుమారు 65 నెలలు ముదరకుండా ఉంది. వాడనివారిలో అది సుమారు 26 నెలలు. అక్కడ కూడా మాత్ర ఆపరేషన్ తర్వాతే వచ్చిందని గమనించండి. మీ అమ్మకు ఉన్న హై గ్రేడ్ రకంలో, జబ్బు తిరిగి వచ్చి కీమోలు పనిచేయని స్థితిలో, లేదా ఒంట్లో శక్తి లేక కీమో ఇవ్వలేనప్పుడు డాక్టర్లు టామోక్సిఫెన్ గాని లెట్రోజోల్ గాని ప్రయత్నిస్తారు. అప్పుడు కూడా గడ్డ స్పష్టంగా తగ్గేది పదిమందిలో సుమారు ఒకరికే. అలాంటి మందును, పనిచేస్తున్న కీమో స్థానంలో పెట్టడం చేతికొచ్చిన పంటను వదిలేయడమే. పైగా టామోక్సిఫెన్ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ముప్పును పెంచుతుంది. అండాశయ క్యాన్సర్, పెద్ద ఆపరేషన్, కీమో ఈ మూడూ ఆ ముప్పును ముందే పెంచి ఉంచుతాయి. మేనత్త చీటీ చూపించి మెడికల్ షాపులో తెచ్చి వేస్తే ఏ ప్రమాదం రాగలదో దీన్నిబట్టి గ్రహించండి.

అలాంటప్పుడు పనికిరాని ఈఆర్ పరీక్ష ఎందుకు చేశారని మీకు అనిపించవచ్చు. పొట్టలో నీళ్లతో, పొరల మీద గడ్డలతో వచ్చినప్పుడు అది అండాశయం నుంచి పుట్టిందా, జీర్ణాశయం నుంచో పెద్దపేగు నుంచో వచ్చి అక్కడ చేరిందా అన్నది మొదట తేల్చాలి. డబ్ల్యూటీ1 అనే ప్రొటీన్, ఈఆర్ రెండూ ఉండటం, పీ53 చెడిపోయి ఉండటం కలిసి, ఇది అండాశయం, అండవాహిక వైపు పుట్టిన హై గ్రేడ్ సీరస్ జబ్బేనని చెప్పడానికి సాక్ష్యాలుగా నిలుస్తాయి. మీ అమ్మ రిపోర్టులో ఈఆర్ చేసిన అసలు పని అదే. ఈ సంగతి రిపోర్టు కింద ఒక్క వాక్యంగా రాస్తే మీ ఇంట్లో ఇంత కలవరం ఉండేది కాదు. మా పాథాలజిస్టులం రాయవలసినంత వివరంగా రాయడం లేదని ఒప్పుకుంటున్నాను. తీసిన ముక్క ఫార్మలిన్‌లో పడటం ఆలస్యమైతే గ్రాహకం ఉన్నా లేనట్టు కనిపించే అవకాశం కూడా ఉంది. అలాగని పీఆర్ పరీక్ష మళ్లీ చేయించడానికి డబ్బు పెట్టవద్దు. ఫలితం మారినా మీ అమ్మ చికిత్స మారదు.

ఆ డబ్బు, ఆ శ్రద్ధ పెట్టవలసిన పరీక్ష వేరే ఉంది. మీ ఉత్తరంలో దాని ప్రస్తావన లేదు. డీఎన్ఏను బాగుచేసే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల పరీక్ష అది. వీటిలో పుట్టుకతో లోపం ఉంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్లు రెండింటి ముప్పూ పెరుగుతుంది. హై గ్రేడ్ సీరస్ జబ్బు వచ్చిన ప్రతి మహిళకూ, వయసుతో గాని కుటుంబ చరిత్రతో గాని సంబంధం లేకుండా, ఈ రక్తపరీక్ష చేయాలన్నది నేటి వైద్య ప్రమాణం. ఆ జన్యువుల్లో లోపం ఉన్నట్టు తేలితే, కీమో పూర్తయ్యాక ఒలాపారిబ్ వంటి మాత్రలు వాడటం వల్ల జబ్బు తిరిగి రావడం బాగా ఆలస్యమవుతుందని 2018లో వెలువడిన పెద్ద పరిశోధన చూపింది. మీ బంధువులు మాత్రలు, మాత్రలు అంటున్నారు కదా, మీ అమ్మ విషయంలో అడిగి తెలుసుకోవలసిన మాత్రలు ఇవి. రక్తంలో లోపం లేకపోయినా గడ్డ కణాల్లోనే ఉండే వీలుంది. దాన్ని ఆ మైనపు బ్లాకు మీదే పరీక్షించవచ్చు.

ఇక్కడ మీ ఇంటి చుట్టరికం గురించి ఒక మాట అడగాలి. రొమ్ము క్యాన్సర్ వచ్చింది మేనత్తకు, అంటే మీ నాన్న వైపు. అండాశయ క్యాన్సర్ వచ్చింది అమ్మకు. మామూలుగా అయితే ఈ రెండు జబ్బులకూ రక్తసంబంధం ఉండదు. కానీ మన వైపు మేనరికాలు ఎక్కువ. మీ అమ్మానాన్నలది మేనరికమైతే అమ్మా, మేనత్తా ఒకే రక్తం పంచుకున్నవారవుతారు, అప్పుడు ఈ రెండు జబ్బులనూ ఒకే కంటితో చూడాలి. డాక్టరు కుటుంబ చరిత్ర అడిగినప్పుడు అత్తకు వచ్చింది అని మాత్రమే చెప్పి ఊరుకోకుండా, ఈ చుట్టరికం కూడా విప్పి చెప్పండి. లోపం ఉన్న జన్యువు తల్లి నుంచైనా తండ్రి నుంచైనా, కొడుక్కైనా కూతురికైనా, సగం అవకాశంతో సంక్రమిస్తుంది. అమ్మకు పరీక్షలో లోపం తేలితేనే మీరూ, మీ తోబుట్టువులూ, మీ చిన్నమ్మలూ, మేనమామలూ పరీక్ష చేయించుకోవాలి. అందుకే మొదట అమ్మకు చేయించడం ముఖ్యం. ఆరోగ్యశ్రీ కార్డు మీద వైద్యం జరుగుతుంటే, ఈ పరీక్ష దాని కింద వస్తుందా, రాకపోతే రాయితీకి ఇంకేదైనా దారి ఉందా అని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి పది లక్షల రూపాయలకు పెంచారు.

గుడ్లు, కోడికూర మాన్పించడం వల్ల అమ్మకు నష్టమే గాని లాభం లేదు. వాటి వల్ల ఈఆర్ పాజిటివ్ గడ్డ పెరుగుతుందనడానికి ఆధారం లేదు. కీమో సమయంలో కండ కరిగిపోకుండా ఉండాలంటే మాంసకృత్తులు కావాలి. ఉడికించిన గుడ్డు, బాగా ఉడికిన కోడికూర, పప్పు, కాచిన పాలు, ఆమెకు ఏది సహిస్తే అది ఈ రోజు నుంచే పెట్టండి. పచ్చివి, సగం ఉడికినవి మాత్రం వద్దు.

అమ్మ నీరసాన్ని తేలికగా తీసుకోమని నేను అనను. నాలుగు కీమోలు, ఒక పెద్ద ఆపరేషన్ దాటిన మనిషి వద్దు అంటే, ఆ మాట వెనక ఏముందో కూర్చుని వినాలి. రక్తం తక్కువై ఆయాసం వస్తోందా, అరికాళ్లు తిమ్మిరెక్కి నడవలేకపోతోందా, వాంతులకు భయపడుతోందా, లేక పీఆర్ నెగటివ్ అన్న మాట ఆమె చెవిన కూడా పడి, ఎలాగూ బతకనప్పుడు ఈ బాధ ఎందుకనుకుంటోందా? మొదటి మూడింటికీ డాక్టరు దగ్గర ఉపాయాలున్నాయి. రక్తం ఎక్కించవచ్చు, మోతాదు తగ్గించవచ్చు, కార్బోప్లాటిన్‌తో పాటు ఇచ్చే పాక్లిటాక్సెల్ అనే కీమో మందును మూడు వారాలకోసారి కాకుండా వారం వారం చిన్న మోతాదుగా ఇవ్వవచ్చు, వాంతుల మందు మార్చవచ్చు. నాలుగోది మీరే తీర్చగలరు. ఈ సమాధానంలో మీకు సరిగ్గా అనిపించిన భాగాన్ని ఆమెకు చదివి వినిపించండి. ఈ లోపు జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారేదాకా ఆగకుండా, ఊళ్లో ఇంజెక్షన్ వేయించి సరిపెట్టకుండా, నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

వచ్చే కీమోకు వెళ్లేటప్పుడు ముక్క రిపోర్టు అసలు కాగితం, ఆపరేషన్ వివరాల కాగితం, మొదటి నుంచి ఇప్పటిదాకా చేసిన సీఏ-125 (ఈ జబ్బు హెచ్చుతగ్గులు తెలిపే రక్తపరీక్ష) ఫలితాలు తేదీలవారీగా, మేనత్త పాత రిపోర్టు నకలు ఒకే ఫైలులో పెట్టుకుని వెళ్లండి. మైనపు బ్లాకులు ఏ ల్యాబులో ఉన్నాయో, వాటి మీద రాసిన నంబరు ఏమిటో రిపోర్టు పైభాగంలో చూసి ఒక పుస్తకంలో రాసుకోండి. జన్యుపరీక్షకు గాని, మరో ఆసుపత్రి అభిప్రాయానికి గాని రేపు అవసరమయ్యేది ఆ నంబరే. బీఆర్‌సీఏ పరీక్షకు రక్తం కీమో రోజునే తీయవచ్చు, దానికోసం అమ్మను దేవరకొండ నుంచి వేరే ప్రయాణం చేయించవలసిన పని లేదు.